ఇనుము రుచి

నాలుక కొసతో మేకును తిప్పి, దాని తల ముందుకు వచ్చేలా పెదవుల మధ్య నిలబెట్టి, సుత్తి మూతిని దగ్గరికి తెస్తే చాలు, అందులోని అయస్కాంతం దాన్ని చటుక్కున లాక్కుంటుంది. మొదటి దెబ్బకు మేకు చెక్క మీద నిలబడుతుంది. రెండో దెబ్బకు లోపలికి దిగిపోతుంది. ఆ రెండు దెబ్బల మధ్య నాలుక ఇంకో మేకును వెతికి సిద్ధం చేసుకుంటుంది. ఎడమ చెయ్యి నవారు పట్టీని బిగలాగి పట్టుకుని ఉంటుంది, కుడి చేతిలో సుత్తి. ఇక ఈ పనికి మిగిలిన మూడో చెయ్యి నోరే.

సోఫా మేస్త్రి పొద్దున వచ్చినప్పటి నుంచీ ఆ పెద్ద చేతుల కుర్చీ మీదే వంగి ఉన్నాడు. పాతకాలపు కుర్చీ. వీపు ఎత్తుగా ఉండి, తల ఆనించే చోట రెండు పక్కలా చెవుల్లాంటి రెక్కలున్నాయి. ఏళ్ళ తరబడి ఒకే మనిషి ఒకే వైపు ఒరిగి కూర్చోవడం వల్ల అడుగున నవారు సాగిపోయి, స్ప్రింగులన్నీ ఎడమకు వాలిపోయాయి. పాత బట్ట విప్పినప్పుడు సీటు సందులో ఒక చొక్కా గుండీ, బలపం ముక్క, సగం విరిగిన దువ్వెన దొరికాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి కుర్చీ కాలికి దారంతో వేలాడదీశాడు. సందుల్లో దొరికినవన్నీ ఎవరివి వాళ్ళకు చేరాలని అతని పట్టుదల. ఆ దువ్వెన కోసం ఎవరో ఇల్లంతా వెతికి ఉంటారు కదా.

అతను పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కనుబొమ్మల మీద, చెవుల పైన ఎప్పుడూ దూది నలుసులు అంటుకుని ఉంటాయి. పై వరుసలో ముందు పళ్ళు రెండింటికీ మధ్య చిన్న నొక్కు పడింది. మేకులు పట్టీ పట్టీ అరిగిన నొక్కు అది. అతను నవ్వితే ముందుగా అదే కనిపిస్తుంది.

"బావా, ఇవాళ డాక్టరు దగ్గరికెళ్ళాలని అక్క చెప్పింది. గుర్తుందా, లేక మేకులతో పాటు మింగేశావా?"

అడిగింది బావమరిది. అదే షెడ్డులో అవతలి మూల వడ్రంగం చేస్తాడు. కుర్చీలకు కాళ్ళు అతకడం, చేతులు చెయ్యడం అతని పని. వాటికి ఒళ్ళు కప్పడం మేస్త్రి పని.

మేస్త్రి నోరు నిండా మేకులతో "ఊఁ" అన్నాడు.

"నీ నోట్లో మేకులున్నంత సేపూ ఎంత బుద్ధిమంతుడివి బావా! ఎదురు మాట్లాడవు, పాట పాడవు."

మేస్త్రి సుత్తి ఎత్తి కొడతానన్నట్టు బెదిరించాడు. రెండో చెయ్యి భుజం దగ్గర ఎవరో లోపల్నుంచి మెలి పెట్టినట్టు పట్టేసింది. సుత్తి దించి, మోచేతి దాకా రుద్దుకున్నాడు. రెండు మూడు రోజులుగా ఇలాగే ఉంది. సుత్తి పట్టే చేతికి నొప్పి రాకుండా ఎలా ఉంటుందని అనుకున్నాడు. కానీ సుత్తి పట్టేది కుడిచేత్తో. నొప్పి ఎడమ చేతిలో ఉంది. అప్పుడు నవారు లాగడం వల్ల అనుకున్నాడు.

మధ్యాహ్నం వెళ్ళాల్సిన డాక్టరు తన కోసం కాదు, భార్య కోసం. కాదు, ఇద్దరి కోసం. రాత్రంతా ఆ సంగతే మనసులో మెదులుతూ ఉంది. ఈ కొత్త డాక్టరు ఏమంటుందో! మళ్ళీ నాలుగో మాట అంటుందేమో.

*

ఆమె మొదట్లో ఈ షాపుకు సోఫా కవర్లు కుట్టి పంపేది. షెడ్డులో వడ్రంగం చేసే తమ్ముడు ఇంటి నుంచి మూట కట్టుకుని తెచ్చేవాడు. కుట్టు సన్నగా, ఒక్క పోగు కూడా పక్కకు పోకుండా ఉండేది. కవరు అంచున తాడు పెట్టి కుట్టే పైపింగు, మూల దగ్గర కూడా నలగకుండా తిరిగేది. మనిషిని చూడకముందే మేస్త్రి ఆ మూలల్ని చూసి చాలా ఇష్టపడ్డాడు. ఒకరోజు తమ్ముడికి జ్వరమొస్తే ఆమే మూట తెచ్చింది. ఆ తర్వాత తమ్ముడికి జ్వరం తగ్గినా ఆమే తెస్తూ వచ్చింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మూట బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"మీకొక మాట చెప్పాలి. నాకు హెచ్ఐవి ఉంది. పోయిన మా ఆయన నుంచి వచ్చింది. కుట్టేటప్పుడు సూది గుచ్చుకుంటే ఆ బట్ట పక్కన పెట్టేసి వేరేది కుడతాను. కవర్లతో మీకేం భయం లేదు."

మేస్త్రి నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకుని, చొక్కాకు తుడుచుకుని అన్నాడు: "కవర్ల సంగతి సరే. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె మూట విప్పి ఇచ్చి వెళ్ళిపోయింది. మర్నాడు మూట లేకుండా వచ్చింది.

పెళ్ళయ్యాక కలిసిన మొదటి డాక్టరు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడేవాడు. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. కలిసినప్పుడు తొడుగు వాడమన్నాడు. మరి నోటితోనో, అని అడగడానికి మేస్త్రికి నోరు రాలేదు. ఆమే అడిగింది, గోడ మీది గడియారాన్ని చూస్తూ. "దాంతో ఏం కాదమ్మా. దాంతో ఎవరికైనా వచ్చిందంటే నేనింతవరకు చూడలేదు" అని పెద్దాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

తొడుగు ఉన్నప్పుడు ఆమె ఒక చెవి తలుపు దగ్గర పెట్టుకున్న మనిషిలా ఉండేది. ఎక్కడ చిరుగుతుందో, ఏమవుతుందో అని ఒళ్ళంతా కాపలా కాసేది. అతను నోటితో ఆమెను ప్రేమించేటప్పుడు మాత్రం ఆ కాపలా తొలగిపోయేది. అప్పుడు నవ్వేది. సిగ్గుతోనో సరదాతోనో నవ్వే నవ్వు కాదు. గొంతు అడుగు నుంచి, ఏళ్ళుగా మూసిన కిటికీని ఎవరో తోసి తీసినట్టు వచ్చే నవ్వు. తర్వాత అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ పళ్ళ నొక్కు మీద బొటనవేలు పెట్టి రాసేది. యాభై దాటాక తన ఒంట్లో ఇంకొక మనిషికి పనికొచ్చేది ఇంత ఉందని మేస్త్రికి అప్పుడే తెలిసింది.

పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన చోట సలహాలు చెప్పడానికి ఒక కౌన్సెలరు వచ్చాడు. నెమ్మదస్తుడు, ప్రతి మాటా రాసుకునేవాడు. "నోట్లో పుళ్ళు గానీ, గాట్లు గానీ ఉంటాయా?" అని అడిగాడు.

మేస్త్రి అబద్ధం ఆడడం ఎరగడు. "రోజంతా మేకులుంటాయండీ" అని నోరు తెరిచి చూపించాడు.

కౌన్సెలరు కలం కింద పెట్టేశాడు. "అయితే అసలు వద్దు. గాటుంటే దారి ఉన్నట్టే."

ఆమె మొహం పాలిపోయింది. ఆ భయంలోనే ఇంకో పెద్ద ఆసుపత్రిలో ఇంకో స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చేతులు కట్టుకుని వెనక్కి వాలి, "ప్రమాదం చాలా తక్కువ" అన్నాడు.

"చాలా తక్కువంటే ఎంతండీ?"

"గట్టిగా ఇంత అని చెప్పడం కష్టం."

"అసలు లేదనుకోవచ్చా?"

"లేదని మాత్రం నేను అనలేను."

వీధిలోకి వచ్చాక ఆమె అంది: "లేదని అనలేనన్నాడంటే ఉన్నట్టే."

"పెద్దాయన లేదన్నాడుగా."

"ఆయనకి మీ మేకుల సంగతి తెలీదుగా!"

ముగ్గురు చెప్పిన మూడు మాటల్లో ఎక్కువ భయపెట్టిన మాటనే ఆమె నమ్మింది. అక్కడితో ఆగలేదు. ఎవరూ చెప్పనివి కూడా తనే కలుపుకుంది. మొదట ఆ ప్రేమ ఆగింది. తర్వాత తొడుగు మీద నమ్మకం పోయి అదీ ఆగింది. చివరికి పెదవుల మీద ముద్దు కూడా. అతని గ్లాసు వేరు, ఆమె గ్లాసు వేరు అయ్యాయి. ఒకే మంచం మీద, మధ్యలో ఒక దిండు వచ్చి చేరింది.

"ఒకరిని సాగనంపాను. నా వల్ల ఇంకొకరు పోకూడదు" అంది ఒక రాత్రి, దిండుకు అవతల నుంచి. 

*

దిండుతో పాటు టార్చి కూడా వచ్చింది.

సాయంత్రం అతను ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే గుమ్మంలో నిలబెట్టేది. "నోరు తెరవండి." టార్చి వేసి చూసేది. బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగి చిగుళ్ళు, నాలుక పైకెత్తించి దాని అడుగు, బుగ్గల లోపలి పక్క, అన్నీ. "మేకులు నోట్లో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని కసిరేది. గాటు కనిపిస్తే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమనేది. మళ్ళీ చూసేది. గాటు లేకపోతే "సరే" అని టార్చి ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయేది.

మొదటి వారం మేస్త్రి ఆమె మాట విన్నాడు. మేకుల్ని డబ్బా మూతలో పోసుకుని, వేళ్ళతో ఒక్కొక్కటే సుత్తికి అందించాడు. పని సగమైంది. నోరు బాగుపడింది. గుమ్మంలో టార్చి అలా వెలిగి ఇలా ఆరిపోయింది. "సరే." అంతే. మర్నాడూ అంతే.

ఒకరోజు మరిచిపోయి మేకులు నోట్లో వేసుకున్నాడు. చిగురుకు చిన్న గాటు పడింది. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు చూసింది. మొహం బాగా దగ్గరికి తెచ్చింది. ఊపిరి అతని గడ్డానికి తగిలింది. కనురెప్పల మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపించాయి. నుదుటి మీది చిన్న మచ్చ, చాలా కాలంగా అంత దగ్గర్నుంచి చూడనిది, కనిపించింది. ఆమె బొటనవేలు అతని పెదవి మీద ఆగి ఉంది. తిడుతూ ఉంది, కానీ అక్కడే ఉంది.

ఆ తర్వాత మేస్త్రి మేకుల్ని ఎప్పుడూ మూతలో పోసుకోలేదు. నోరు మరీ బాగున్న రోజున, ఇంటికి బయల్దేరే ముందు ఒక మేకును చిగురుకు ఆనించి కొంచెం నొక్కేవాడు.

దూరం పెంచిందీ ఆ గాటే. దగ్గరికి తెచ్చేదీ ఆ గాటే. ఈ లెక్క తప్పని అతనికి తెలుసు. నోరు పూర్తిగా మానితే ఏదో ఒక రోజు ఆమె భయం కూడా మానుతుందేమో అని అనిపించేది. కానీ ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలీదు. సాయంత్రం మాత్రం రోజూ వస్తుంది.

*

మధ్యాహ్నం నీడ గోడ దిగుతుండగా ఆమె షెడ్డు ముందుకు వచ్చింది. బూడిదరంగు దుస్తుల్లో, చేతిలో సంచితో, నీళ్ళ సీసాతో. సంచిలో కుర్చీ బట్టకు కుట్టిన పైపింగు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"అక్కా, బావని నాలుగు ప్రశ్నలడిగి గానీ వదలొద్దని చెప్పు డాక్టరుతో. ఈ మధ్య మెట్లు ఎక్కుతుంటే రైలింజనులా ఊదుతున్నాడు" అన్నాడు తమ్ముడు.

"ఇవాళ నా వంతు. నా గొడవ అయ్యాక మీ బావ గొడవ" అంది ఆమె.

"నా గొడవేం లేదు. వీడి మాటలు పట్టించుకోకు" అన్నాడు మేస్త్రి.

ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. మెట్ల మధ్యలో మలుపు దగ్గర అతను గోడ పట్టుకుని ఆగాడు. ఆమె రెండు మెట్లు పైకెక్కి వెనక్కి చూసింది. "పదండి, మన పేరు పిలిచేస్తారు." అతను నుదురు తుడుచుకుని కదిలాడు.

కొత్త డాక్టరు చిన్న వయసు ఆవిడ. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహంలోకి చూస్తుంది. ఆమె రక్తపరీక్షల్ని ముందు తిరగేసి, తర్వాత వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

"మాత్రలు ఒక్కసారైనా మానారా?"

"లేదండీ. ఎప్పుడూ మానలేదు."

"తెలుస్తూనే ఉంది. మీ రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తక్కువగా ఉంది. ఇవాళ కాదు, ఏళ్ళుగా అలాగే ఉంది. ఇది ఎవరూ మీకు చెప్పలేదా?"

"బాగుంది, ఇలాగే వేసుకోండి అనేవాళ్ళు."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే నేను చెబుతాను వినండి. మాత్రలు ఇలాగే వేసుకుంటూ, పరీక్షల్లో ఇలాగే ఉన్నంత కాలం, కలయిక వల్ల మీ నుంచి మీ ఆయనకు రాదు."

ఆమె గడియారం వైపు చూడలేదు ఈసారి. నేరుగా అడిగింది. "నోటితో అయితేనో?"

"నోటితో అయినా రాదు."

"ఈయన నోట్లో ఎప్పుడూ గాట్లే. మేకులు పెట్టుకుంటాడు."

"గాటు ఉన్నా సరే."



"మరి ముగ్గురు మూడు మాటలు చెప్పారే?" అంది ఆమె. గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో తెలియని కోపం.

"నోటి సంగతి దగ్గర మావాళ్ళంతా ఒక్కమాట మీద ఉండరమ్మా. మందులు పనిచేయని మనిషి విషయంలో కూడా ప్రమాదం చాలా తక్కువే. ఎంత తక్కువో తూచి చెప్పడం కష్టం. ఒకరు ఆ కాస్తనీ వదిలేసి లేదంటారు. ఒకరు ఆ కాస్తనే పట్టుకుని ఉందంటారు. ఇంకొకరు మధ్యలో నిలబడతారు. ముగ్గురూ జబ్బు గురించి చెప్పారు. మీ రక్తం సంగతి చూసి మీ గురించి చెప్పాల్సింది." డాక్టరమ్మ ఆగింది. "ముద్దు మానమని ఎవరు చెప్పారు?"

ఆమె అంది: "ఎవరూ చెప్పలేదు. నేనే."

డాక్టరమ్మ బల్ల మీది కాగితాల్ని అవసరం లేకపోయినా సర్దింది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "మీకు ఒంట్లో బాగానే ఉందా? చెమట పట్టింది."

"మెట్లెక్కి వచ్చాం కదండీ" అన్నాడు మేస్త్రి. ఈ రోజు తన భుజం గురించి మాట్లాడే రోజు కాదు. ఇంత కాలం ఎదురుచూసిన మాట ఇప్పుడే ఈ గదిలో వినిపించింది. దాని పక్కన ఇంకో జబ్బును తెచ్చి పెట్టడానికి మనసొప్పలేదు.

"ఒకసారి మీరు కూడా చూపించుకోండి, తప్పకుండా" అంది డాక్టరమ్మ.

"రేపు వస్తాడండీ. నేను తీసుకొస్తాను" అంది ఆమె.

*

మెట్ల మలుపు దగ్గర కిటికీ ఉంది. అక్కడ ఆగారు. కింద వీధిలో ఎవరో పరుపు భుజాన వేసుకుని వెళ్తున్నారు. ఆమె చేతులు కిటికీ అంచు మీద పెట్టుకుని, అటే చూస్తూ నిలబడింది. 

మేస్త్రికి ఇక దాచుకోబుద్ధి కాలేదు.

"నీకొకటి చెప్పాలి. ఆ గాట్లు... అన్నీ పొరపాటున పడినవి కావు."

"అంటే?"

"నేనే గుచ్చుకునేవాణ్ణి. కొన్నిసార్లు."

ఆమె గిరుక్కున తిరిగింది. "ఎందుకు?"

"గాటు లేకపోతే నువ్వు టార్చి ఆర్పేసి వెళ్ళిపోతావుగా."

మొదట ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొహం ఎర్రబడింది. "బుద్ధుందా మీకు? గాటు చూసిన ప్రతి రాత్రీ నేను ఎలా పడుకున్నానో తెలుసా? ముసలి ప్రాణానికి ఇదేం వేషం? చిన్నపిల్లాడు నయం!" అంటూ అతని ఛాతీ మీద పిడికిలితో ఒక్కటి వేసింది. మెల్లగా వేయలేదు. వేసి, ఆ పిడికిలిని అక్కడే ఉంచేసింది. దానిమీద నుదురు ఆనించింది. ఏడుస్తోంది అనుకున్నాడు. కానీ కొంచెం సేపటికి గొంతు అడుగు నుంచి ఆ పాత నవ్వు వచ్చింది. కన్నీళ్ళతో కలిసి, కొద్దిగా తుప్పు పట్టి వచ్చింది, కానీ అదే.

మేస్త్రి కదల్లేదు. ఆ నవ్వు బెదిరి పారిపోతుందేమో అని ఊపిరి కూడా సగమే తీసుకున్నాడు.

ఆమె తలెత్తి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత తిప్పి, మూతి పెదవులకు ఆనించుకుని తాగింది. ఎప్పుడూ ఎత్తి పోసుకునే మనిషి. తుడవకుండా అతని చేతికిచ్చింది.

మేస్త్రి దాన్ని ఒక్క క్షణం చేతిలో ఉంచుకున్నాడు. తర్వాత, ఆమె పెదవులు ఆనిన చోటే తన పెదవులు ఆనించి తాగాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అలా ఎంతసేపైనా తాగుతూనే ఉండొచ్చు అనిపించింది.

"చాలు, నాకూ కాస్త ఉంచండి" అంది ఆమె. అతను సీసా దించి నవ్వాడు. పళ్ళ నొక్కు కనిపించింది. ఆమె చూపు అక్కడే ఆగింది.

"ఇంటికి వెళ్దాం" అన్నాడు అతను.

"ఆ కుర్చీ సాయంత్రానికి ఇవ్వాలన్నారుగా. వాళ్ళింటి పెద్దావిడ మంచం మీద కూర్చోలేక బాధపడుతోందట. ముందు అది అవగొట్టి రండి. ఇన్నాళ్ళు ఆగాం, ఒక్క పూటకేముంది." ఒక మెట్టు దిగి, మళ్ళీ ఆగింది. "ఇవాళ మేకులు నోట్లో పెట్టుకోవద్దు."

"గాటున్నా ఏం కాదని డాక్టరమ్మ చెప్పిందిగా!"

"డాక్టరమ్మ కోసం కాదు. నాకు ఇనుము రుచి వద్దు." అటు తిరిగే అంది. చెవి కొసలు మాత్రం ఎర్రగా కనిపించాయి. "పెందరాళే రండి. టార్చి తియ్యనులెండి."

*

మేస్త్రి షెడ్డుకు రాగానే కుళాయి దగ్గర నోరు కడుక్కున్నాడు. పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. మేకుల్ని డబ్బా మూతలో పోసుకున్నాడు.

బావమరిది రంపం ఆపి చూశాడు. "ఏంటి బావా, పళ్ళు ఊడిపోయాయా?"

"నీ పని నువ్వు చూసుకో."

"ఓహో! డాక్టరు ఏమందేంటి?"

"మీ అక్కని అడుగు."

బావమరిది అతని మొహం చూశాడు. అక్క సంగతంతా ఎరిగిన మనిషే. ఇంకేమీ అడగకుండా రంపం అందుకున్నాడు. కాసేపటికి అటు తిరిగే, "మంచిది బావా" అన్నాడు.

వేళ్ళతో పని నెమ్మదిగా సాగింది. ఒక్కొక్క మేకూ మూతలోంచి ఏరి, తల తిప్పి, సుత్తికి అందించాలి. ఈలోగా బట్ట జారిపోతుంది. మోకాలితో అదిమి పట్టాలి. ఎడమ చెయ్యి మాటిమాటికీ తిమ్మిరెక్కుతోంది. అయినా విసుగు రాలేదు. ఖాళీగా ఉన్న నోరు కొత్తగా, పక్కింటి మనిషిది అరువు తెచ్చుకున్నట్టుగా ఉంది. నాలుక అలవాటుగా బుగ్గలో మేకు కోసం వెతికి, దొరక్క, పళ్ళ నొక్కు మీదికి పోయేది. అప్పుడు ఆమె బొటనవేలు గుర్తొచ్చేది.

ఇప్పుడు ఇంటికి చేరి ఉంటుంది. కిటికీ తెరిచి ఉంటుంది. ఆ దిండును ఏం చేస్తుంది? ఎక్కడ పెడుతుంది? బీరువా పైన పెట్టినా పడుకుంటే కనిపిస్తుంది. విప్పి అందులో దూది ఈ కుర్చీలకు వాడేస్తే సరి అనుకుని, తనలో తనే నవ్వుకున్నాడు.

ఆమె కుట్టిన పైపింగు కుర్చీ రెక్కల అంచున, చేతుల అంచున తిరిగింది. మూల దగ్గర వేలితో తడిమి చూశాడు. ఒక్క మడత లేదు.

ఎండ వాలి షెడ్డు పైకప్పులోని అద్దం ముక్క నుంచి ఏటవాలుగా పడుతున్న వేళకు కుర్చీ పూర్తయింది, వెనక అడుగున ఒక్క మేకు తప్ప. ఆ మేకును అతను ఎప్పుడూ ఆపుతాడు. కొత్త కుర్చీలో ముందు తను కూర్చుంటాడు. బరువుకు బట్ట సర్దుకుంటుంది, స్ప్రింగులు తమ చోటు తాము చూసుకుంటాయి. లేచాక ఆ కొంచెం వదులును లాగి ఆఖరి మేకు కొడతాడు. మేస్త్రి కూర్చుని లేవని కుర్చీ షాపు గుమ్మం దాటదని అందరికీ తెలుసు.

సుత్తి మూతికి ఆ మేకును వేళ్ళతో అంటించి సిద్ధంగా పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. సీటు ఊపిరి వదిలినట్టు కిందికి దిగి, అతన్ని పట్టుకుని ఆగింది. సుత్తిని కుర్చీ చేతి మీద పెట్టాడు. వీపు ఆనించాడు. తల పక్కనున్న రెక్క బుగ్గకు మెత్తగా తగిలింది. భుజంలోని మెలి ఛాతీలోకి పాకింది. కొంచెంసేపు కళ్ళు మూసుకుంటే తగ్గుతుందనుకున్నాడు. ఇంటికి పెద్ద దూరం లేదు. రెండు వీధులు దాటితే గుమ్మం. గుమ్మంలో ఆమె. టార్చి లేకుండా.

"బావా, కుర్చీ కోసం బండొచ్చింది" అన్నాడు బావమరిది కాసేపటికి. జవాబు రాలేదు. "లే మరి! కుర్చీ నచ్చి నువ్వే కొనేసుకున్నావా ఏంటి?" అంటూ నవ్వుతూ వచ్చి భుజం తట్టాడు. తల రెక్క మీద నుంచి కొంచెం పక్కకు జారింది. బావమరిది చేతిలోని గుడ్డ కింద పడింది.

కబురు అందగానే ఆమె పరిగెత్తుకు వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది. బండివాడు గుమ్మం పక్కకు తప్పుకున్నాడు. ఆమె అరవలేదు. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అలవాటైన చేత్తో, బొటనవేలితో అతని కింది పెదవిని కొంచెం కిందికి లాగింది. ఏం చేస్తున్నదో తెలిసి, వదిలేసింది. అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. దూది నలుసులు వేళ్ళకు అంటుకున్నాయి. వంగి, పెదవుల మీద పెదవులు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇనుము రుచి లేదురా" అంది ఆమె చివరికి. తమ్ముడితో అన్నట్టు లేదు. "మాట విన్నాడు."

పక్కన, కుర్చీ చేతి మీద సుత్తి అతను పెట్టినట్టే ఉంది. దాని మూతికి అంటుకుని, తడి తగలని ఆఖరి మేకు.